మన చిట్టా మనకు చూపండి

2024 జూలై 21, ఆదివారం రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచాయి. తెల్లారేసరికి భూముల ఫైళ్లలో చాలా భాగం బూడిదైంది. రెండు వేలకు పైగా ఫైళ్లు కాలిపోయాయని, కొన్ని వందలు మాత్రం దక్కాయని రెవెన్యూ ఉన్నతాధికారులు తర్వాత చెప్పారు. మర్నాడే డీజీపీ హెలికాప్టర్‌లో దిగారు, కేసు సీఐడీ చేతికి వెళ్లింది, కొందరు అధికారులు సస్పెండయ్యారు. ఎవరు తగలబెట్టారు, ఎవరి కోసం తగలబెట్టారు అన్న చర్చ నెలల తరబడి పత్రికల్లో నడిచింది. అది పోలీసులూ కోర్టులూ తేల్చవలసిన సంగతి కాబట్టి దాని జోలికి ఇక్కడ వెళ్లను. ఆ రభసలో పెద్దగా ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. ఆ ఫైళ్లలో పేర్లున్న రైతుల్లో ఎందరి దగ్గర ఆ కాగితాల నకళ్లు ఉన్నాయి? తన భూమి గురించి సర్కారు ఏం రాసుకుందో, కాలిపోయే ముందైనా, ఆ రైతుకు తెలుసా?

మదనపల్లె డివిజన్‌లో ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. పేదలకిచ్చిన డీకేటీ పట్టాలు, పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్న చుక్కల భూములు, రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద అమ్మకం నిషేధించిన సర్వే నంబర్లు, వీటి చుట్టూ అక్కడ తగాదాలు ఎన్నో. పంచి ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు అమ్ముకునే హక్కు ఇస్తూ 2023లో చట్టం సవరించాక ఏ నంబరు నిషేధ జాబితాలో ఉంది, ఏది బయటికొచ్చింది అన్నదాని మీద లక్షలు, కోట్లు ఆధారపడ్డాయి. అయినా తన నంబరు 22ఏలో పడిందని రైతుకు మామూలుగా ఎప్పుడు తెలుస్తుంది? కూతురి పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో ఎకరం అమ్ముదామని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయినప్పుడు తెలుస్తుంది. ఎవరు ఎక్కించారు, ఏ కాగితం చూసి ఎక్కించారు అని అడిగితే తహసీల్దారు ఆఫీసుకు పొమ్మంటారు. అక్కడికి పోతే ఫైలు డివిజన్‌లో ఉందంటారు. నిషేధ జాబితాలు జనానికి అందుబాటులో ఉంచాలని, అభ్యంతరాలు విని తేల్చాలని హైకోర్టు ఫుల్ బెంచ్ 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అయినా అగ్నిప్రమాదం తర్వాత పై అధికారులు మదనపల్లెకొచ్చి కూర్చుంటే భూముల అర్జీలు పట్టుకుని జనం బారులు తీరారు. ఆ అర్జీల్లో కాలిపోయిన ఫైళ్లతో సంబంధం లేనివీ ఉన్నాయి. ఏళ్ల తరబడి చూడనివ్వని రికార్డుల గురించి అడగడానికి ఎదురుగా ఒక మనిషి దొరికాడు, అందుకని వచ్చారు.

ప్రభుత్వం దగ్గరున్న మన సమాచారం గురించి మాటొస్తే పెద్దమనుషులు వెంటనే గోప్యత గురించి మాట్లాడతారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చింది. అది గొప్ప తీర్పే. కానీ మదనపల్లె రైతుకు తన భూమి వివరం దాచిపెట్టమని అడిగే అవసరం రాలేదు, చూపించమని అడగవలసి వచ్చింది. అందుకని నేను చెప్పదలచుకున్నది ఇదీ: ప్రభుత్వ రికార్డు మీద మనిషికి ఉండవలసిన మొదటి హక్కు, దాన్ని తాను చూడగలగడం. అందులో ఏం రాశారో, అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు తెరిచి చూశారో, ఎవరికి పంపారో తెలియడం. దిద్దుబాటు, పరిహారం, గోప్యత, ఏది కావాలన్నా ఆ తర్వాతే. చూడనిదాన్ని దిద్దమని ఎవరూ అడగలేరు గదా.

"పల్లెల్లో జనానికి బియ్యం, పింఛను కావాలి గానీ ఈ డేటా గోల ఎందుకు?" అనేవాళ్లున్నారు. అడిగేవాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువ. పుంగనూరు పక్క పల్లెలో ఏ గ్రామ సచివాలయానికైనా వెళ్లి వెల్ఫేర్ అసిస్టెంట్ టేబుల్ ముందు కాసేపు నిలబడితే జవాబు దొరుకుతుంది. 2019 చివర్లో వచ్చిన నవశకం సర్వే నుంచి అర్హత తేల్చడానికి ఆరంచెల వడపోత పెట్టారు. అందరూ సిక్స్ స్టెప్ వ్యాలిడేషన్ అంటారు. ఆధార్ నంబరు కొడితే తెరమీద వరుసగా గడులు వస్తాయి. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు దాటిందా, నెలకు కరెంటు 300 యూనిట్లు మించిందా, నాలుగు చక్రాల బండి ఉందా, ఇంట్లో సర్కారు ఉద్యోగి ఉన్నారా, ఆదాయపు పన్ను కడుతున్నారా, పట్టణంలో వెయ్యి చదరపుటడుగులకు మించిన ఇల్లుందా. ఒక్కో గడి ఒక్కో శాఖ లెక్క నుంచి వస్తుంది. ఒక్కటి అడ్డం తిరిగినా పింఛను ఆగుతుంది. ఇంటి యజమాని తన మీటర్లన్నిటికీ ఒకే ఆధార్ ఇస్తే, లేదా లైన్‌మన్ తొందరలో ఎవరి నంబరో ఎక్కిస్తే, యూనిట్లన్నీ పోయి ఒక ముసలమ్మ ఖాతాలో పడతాయి. తన ఇంట్లో ఒక బల్బు, ఒక ఫ్యాను. తెరమీద మాత్రం ఆమె 300 యూనిట్లు దాటిన సంపన్నురాలు. ఇలాంటివి పత్రికలకెక్కడం రాష్ట్రంలో అందరూ చూసిందే. ఎవరు ఏ ఇంటివారో చూపే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో వేరు పడని కొడుకు ఉద్యోగం తల్లి పింఛనుకు అడ్డం పడటం కూడా అంతే. ఆమెకు దక్కే జవాబు "సిస్టంలో రాలేదమ్మా" అని. ఆ మాట చెప్పే అసిస్టెంటును తిట్టి లాభం లేదు. తప్పు ఏ శాఖలో పుట్టిందో అతనికీ పూర్తిగా కనిపించదు. కనిపించినా దిద్దే లాగిన్ అతని చేతిలో ఉండదు.

బియ్యం కావాలన్నా డేటా సరిగ్గా ఉండాలనడానికి తెలంగాణలో పెద్ద సాక్ష్యమే ఉంది. అక్కడ కొన్నేళ్ల పాటు రకరకాల శాఖల లెక్కల్ని కంప్యూటర్‌తో జతచేసి, అనర్హులని తేలినవాళ్ల రేషన్ కార్డులు తీసేశారు. రద్దయినవి దాదాపు 19 లక్షలు. చాలామందికి ముందు నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసిన మనిషి లేడు. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆ కార్డుల మీద క్షేత్రస్థాయి విచారణ మళ్లీ జరపమని ఆదేశించింది. అనర్హుల్ని ఏరెయ్యడం తప్పని కోర్టు అనలేదు, నేనూ అనను. అనర్హుడికి పోయే ప్రతి పింఛనూ అర్హుడి నోటి దగ్గర కూడే. కానీ ఏరివేత యంత్రానికి అప్పగించినప్పుడు యంత్రం దేన్ని చూసి అలా అందో బాధితుడికి చూపడం తప్పనిసరి. చూపితే దొంగ జారిపోతాడని భయమా? కారున్నవాడికి "నీకు కారుంది" అని కాగితం చూపితే అతను ఏం చెయ్యగలడు? లేనివాడికి చూపితే మాత్రం బండి నంబరు చూసి ఇది నాది కాదని చెప్పగలుగుతాడు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల సదరం సర్టిఫికెట్లు తిరిగి పరిశీలించి ఆగస్టులో నోటీసులిచ్చినప్పుడు అప్పీలుకు వీలిచ్చారు. అప్పీలు చేసుకునేవాడి చేతిలో, పాత శాతం ఎంత, కొత్త శాతం ఎంత, ఏ డాక్టరు ఏ పరీక్ష చూసి తగ్గించారు అన్న కాగితం లేకపోతే అతను వాదించేది దేని మీద?

ఇక రెండో సంగతి, మన రికార్డు మనకు తప్ప మిగతావాళ్లకు కనిపించడం. బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2017 మే నెలలో ఒక నివేదిక వెలువరించింది. అది పరిశీలించిన నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి, ఉపాధి హామీ చెల్లింపులదీ చంద్రన్న బీమాదీ. ఆ నాలుగింటి నుంచి పదమూడు కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని అంచనా వేశారు. మరుసటి ఏడాది రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 34 వేల మంది లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు ఖాతా, కులం, మతం అన్నీ ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని తేలింది. అదే ఏడాది అన్న సంజీవని మందుల షాపుల్లో ఎవరు ఏ మాత్ర కొన్నారో, పేరూ ఫోన్ నంబరుతో సహా సర్కారు డ్యాష్‌బోర్డులో కనిపించింది. ఏ ఒక్క లబ్ధిదారుడికీ "నీ వివరం బయటపడింది" అని ఉత్తరం వచ్చినట్టు వినలేదు.

రాజకీయ పార్టీల సంగతి చెప్పకుండా దాటేస్తే అది పిరికితనమవుతుంది. 2019 ఎన్నికల ముందు, తెలుగుదేశం పార్టీకి సేవామిత్ర యాప్ తయారుచేసిన హైదరాబాద్ కంపెనీ మీద డేటా చోరీ కేసు పెట్టారు. తెలంగాణ ప్రభుత్వం సిట్ వేసింది. ఏప్రిల్‌లో ఆధార్ సంస్థ కూడా ఫిర్యాదు చేసింది. రెండు రాష్ట్రాలకు చెందిన 7.82 కోట్ల మంది వివరాలు ఆ కంపెనీ హార్డ్ డిస్కుల్లో ఉన్నాయన్నది ఆరోపణ. కంపెనీ కాదంది, పార్టీ కాదంది. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, యాభై ఇళ్లకొక వలంటీరు వచ్చారు. 2023 జూలైలో జనసేన నేత పవన్ కళ్యాణ్ వలంటీర్లు సేకరించిన వివరాలు ఎక్కడికి పోతున్నాయని నిలదీశారు. అప్పటి ప్రభుత్వం తోసిపుచ్చింది. ఆ ప్రభుత్వమూ మారాక, నిన్న ఆరోపించినవాళ్లు ఇవాళ జవాబు చెప్పుకునే స్థానంలోకి, జవాబు చెప్పినవాళ్లు ఆరోపించే స్థానంలోకి వచ్చారు. ఎవరి మాట నిజం? ఓటరుకు తేల్చుకునే దారే లేదు. తన ఇంటి వివరం ఏ తేదీన, ఏ లాగిన్‌తో, ఎవరు తెరిచారో అతనికి కనిపిస్తే ఈ వాదం పార్టీ ఆఫీసుల్లో కాకుండా రుజువుల మీద నడిచేది. లాగిన్ మాట తేలిక విషయం కాదు. 2021 తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నికప్పుడు అధికారి లాగిన్ వాడి వేల సంఖ్యలో ఓటరు కార్డులు దించుకున్నారన్న వ్యవహారంలో 2024 జనవరిలో ఒక ఐఏఎస్ అధికారినే సస్పెండ్ చేశారు. చర్య దాకా రావడానికి మూడేళ్లు దగ్గర పట్టింది.

ఇప్పుడు కుప్పానికి వద్దాం. మూడు రాష్ట్రాల సరిహద్దున ఉన్న ఈ ఊరికి ప్రయోగాలు కొత్త కాదు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ అప్పటి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇక్కడే ఐ-కమ్యూనిటీ పెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు, కంప్యూటర్లు, మూడేళ్ల పథకం. తర్వాత కంపెనీ తన దారిన తాను వెళ్లిపోయింది. 2025 జూలైలో ముఖ్యమంత్రి చంద్రబాబు కుప్పం ఏరియా ఆసుపత్రిలో టాటా సంస్థ తోడ్పాటుతో డిజిటల్ నెర్వ్ సెంటర్ ప్రారంభించారు. పక్కనే కోలారు జిల్లాలో టాటా వాళ్లు ఇలాంటిదే ముందు నడిపారు. ప్రతి మనిషికీ ఒక డిజిటల్ ఆరోగ్య రికార్డు, సంజీవని అన్న పేరుతో, కుప్పంలో మొదలుపెట్టి రాష్ట్రమంతా చెయ్యాలన్నది సంకల్పం. ఇది మంచి పనే, ఎగతాళి చెయ్యడానికి లేదు. బీపీ, షుగర్ చీటీలు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిరిగే మనిషికి, బెంగళూరు పనికిపోయి జబ్బుతో తిరిగొచ్చిన కూలీకి ఇది నిజంగా మేలు చేస్తుంది. అయితే ఏఎన్ఎం ట్యాబులో ఎక్కించిన గర్భం వివరం, క్షయ మందుల వివరం, మనోవ్యాధి వివరం ఎవరెవరు తెరవగలరు? కంపెనీ ఇంజనీరు తెరవగలడా? ఐ-కమ్యూనిటీలాగే కంపెనీ రేపు వెళ్లిపోతే రికార్డు ఎవరి దగ్గర మిగులుతుంది? వీటికి జవాబులు ఒప్పంద పత్రంలో ఉంటే ఉండొచ్చు. రోగి చేతికిచ్చే కాగితంలో కూడా ఉండాలని నా వాదన.

"చట్టం వచ్చేసింది కదా" అంటారు. వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పడింది, 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి. కంపెనీలకు 250 కోట్ల దాకా జరిమానా అన్న అంకె అందరికీ గుర్తుండిపోయింది. గుర్తుండనిది వేరే ఉంది. నా సమాచారం ఏం వాడుతున్నారో చెప్పండి, తప్పుంటే దిద్దండి అని అడిగే హక్కు 11, 12 సెక్షన్లలో ఉంది. ఆ సెక్షన్ల మాటల్ని జాగ్రత్తగా చదివితే, మనం సమ్మతి ఇచ్చిన లేదా మనంతట మనం ఇచ్చిన డేటాకే ఆ హక్కు పరిమితమై ఉంది. పింఛను, రాయితీ, సర్టిఫికెట్, లైసెన్సు లాంటివి ఇవ్వడానికి ప్రభుత్వం 7వ సెక్షన్ కింద కొత్తగా సమ్మతి అడక్కుండానే మన వివరం వాడుకోవచ్చు. అంటే పుంగనూరు ముసలమ్మకు ఏది అత్యవసరమో అక్కడే హక్కు సన్నబడింది. తుడిచెయ్యమని అడిగే హక్కు సర్కారు మీద చెల్లదని 17వ సెక్షన్ చెబుతుంది. దేశ భద్రత, శాంతిభద్రతల పేరిట ఏ ప్రభుత్వ సంస్థనైనా చట్టం నుంచే తప్పించే అధికారం కేంద్రానికుంది. న్యాయంగా చెప్పాలంటే, ప్రభుత్వం వాడే డేటా కచ్చితంగా ఉండేలా చూడాలని, అవసరానికి మించి వాడకూడదని నిబంధనల రెండో షెడ్యూలు అంటుంది. మంచి మాటే. కానీ అది ఆఫీసు మీద మోపిన బాధ్యత, దాన్ని అమలు చేయించుకునే పిడి మనిషి చేతికి సరిగ్గా అందలేదు.

పైగా వరుస చూడండి. జనానికి హక్కులిచ్చే సెక్షన్లు అమల్లోకి రావడానికి నిబంధనలు వచ్చినప్పటి నుంచి పద్దెనిమిది నెలల గడువు పెట్టారు, అంటే 2027 మే. ఇదే చట్టంతో వచ్చిన, సమాచార హక్కు చట్టాన్ని కుదించే సవరణ మాత్రం వెంటనే అమల్లోకొచ్చింది. ఇదివరకు వ్యక్తిగత సమాచారమని నిరాకరించాలంటే ప్రజా ప్రయోజనం బేరీజు వెయ్యమని సమాచార హక్కు చట్టం 8(1)(జె) సెక్షన్‌లోనే ఉండేది. ఇప్పుడు ఆ మాటలు తీసేశారు, వ్యక్తిగతమంటే చాలు, నిరాకరించవచ్చు. ప్రజా ప్రయోజనం చూసి ఇవ్వొచ్చన్న 8(2) ఇంకా ఉంది, వాడే మనసుంటే. ఇక్కడ నిజాయితీగా ఒక చిక్కును ఒప్పుకోవాలి. రికార్డులు మూసేస్తే అవినీతి పెరుగుతుంది, తెరిస్తే గుట్టు పోతుంది, రెండూ కావాలంటే ఎలా అని అడుగుతారు. ఈ చిక్కును మన రాష్ట్రమే ఒకసారి బాగా విప్పింది. 2006లో అనంతపురం జిల్లాలో ఉపాధి హామీ పథకం మొదలైనప్పటి నుంచి సామాజిక తనిఖీల్లో మస్టర్లు గ్రామసభలో పైకి చదివారు. ఫలానా పేరు, ఇన్ని రోజుల పని, ఇంత కూలి. చనిపోయినవాళ్ల పేర్ల మీద కూలి ఎత్తినవాళ్లు అలాగే దొరికారు. ఆ చదువులో బ్యాంకు ఖాతా నంబరు అవసరం రాలేదు, ఆధార్ అవసరం రాలేదు. 2017లో పోర్టళ్లలో అవి పడటం వల్ల ఒక్క దొంగ మస్టరూ అదనంగా దొరికినట్టు వినలేదు. ప్రజల డబ్బు ఎవరికి ఎంత పోయిందో ఊరికి చెప్పాలి, మిగతాది ఆ మనిషికి చెప్పాలి. కొత్త సవరణ ఈ గీతను చెరిపేసి మొదటిదాన్ని కూడా మూసే సాకు ఇచ్చింది.

ఖర్చు, పనిభారం సంగతేమిటి? సచివాలయ సిబ్బందికి సర్వేల మీద సర్వేలు, వాటి మీద ఇదొకటా అంటే కాదనలేను. కానీ ఎవరు తెరిచారన్న లెక్క కొత్తగా రాయవలసింది కాదు. ఎవరో లాగిన్ అయితే తప్ప తెర తెరుచుకోదు గనుక ఆ లెక్క సర్వరులో పడేలా చూడటం కష్టమేమీ కాదు. ఎస్టోనియా అనే చిన్న దేశంలో పౌరుడు తన వివరాన్ని ఏ ప్రభుత్వ సంస్థ ఎప్పుడు చూసిందో ఇంట్లో కూర్చుని చూసుకుంటాడు, అనుమానమొస్తే ఎందుకు చూశారని అడుగుతాడు. అది ధనిక దేశం, మనకెలా అనుకోనక్కర్లేదు. 2025 జనవరి 30న మన ప్రభుత్వమే మన మిత్ర పేరిట వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. సర్టిఫికెట్ పంపగలిగిన దారిలోనే "నీ ఆరు గడుల్లో ఏముందో ఇదీ" అని కూడా పంపొచ్చు. ఇందులో అసలు కష్టం డబ్బు దగ్గర లేదు. ఇంటికొక్క ఫోనున్నచోట అది కొడుకు చేతిలో ఉంటుంది, మొగుడి చేతిలో ఉంటుంది. కుప్పం ఆడమనిషి ఆరోగ్య రికార్డు ఆ ఫోనుకు పంపితే ఆమె గుట్టు ప్రభుత్వమే ఇంట్లో బయటపెట్టినట్టు. కాబట్టి చూసే హక్కంటే యాప్ అనుకుంటే దెబ్బతింటాం. ఆరోగ్య వివరం ఆసుపత్రిలో ఆ మనిషికే, ఒంటరిగా, కాగితం మీద ఇచ్చే ఏర్పాటు ఉండాలి. వేలిముద్ర పడని ముసలివాళ్లకు కూడా.

2027 మే దాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని లేదు. సమాచార హక్కు చట్టం కింద ఎవరి సొంత వివరం వాళ్లు అడగొచ్చు. ఇక్కడ 8(1)(జె) అడ్డుపెట్టకూడదు, ఆ మినహాయింపు ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పకుండా ఉండటానికి పుట్టింది గనుక. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసులో అర్జీకి ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది. తెల్లకాగితం చాలు. "నా పింఛను ఎందుకు ఆపారు?" అని రాస్తే "అనర్హత వల్ల" అని ఒక్క ముక్క జవాబొస్తుంది, అలా రాయకండి. ఆరంచెల వడపోతలో నా ఆధార్‌కు జతపడిన కరెంటు మీటర్ల సర్వీసు నంబర్లు ఇవ్వండి, బండి నంబరు ఇవ్వండి, భూమి సర్వే నంబర్లు ఇవ్వండి, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో నాతోపాటు ఉన్నవారి జాబితా ఇవ్వండి, ఈ వివరాలు ఏ శాఖ నుంచి ఏ తేదీన వచ్చాయో చెప్పండి అని విడివిడిగా రాయండి. భూమైతే, నా సర్వే నంబరు 22ఏలో చేర్చిన ఉత్తర్వు నకలు, దానికి ఆధారమైన కాగితాల నకళ్లు, ఫైలు నంబరుతో సహా అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వెయ్యొచ్చు. వచ్చిన నకలు మాత్రం ఇంట్లో భద్రంగా పెట్టుకోండి.